ఎడమచేతి కెమెరా

నిన్న మా బడికి సైన్సు సామాన్ల పార్శిల్ వచ్చింది. భూపాలపల్లి ఎండలో ఆటో వెనక కూర్చుని వచ్చిన అట్టపెట్టె, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. టేపు కోయగానే అట్ట, జిగురు, బుడగల ప్లాస్టిక్ కలిసిన వాసన గుప్పుమంది. పిల్లలు ఆ బుడగలు పగలగొట్టడానికి ఎగబడుతుంటే, నేను కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసనకు నాకు యాకన్న గుర్తొస్తాడు. ఆయన మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో ఫొటో స్టూడియో నడిపేవాడు. తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్ల మీదికి వచ్చిన రోజుల్లో నేనొక కెమెరాను జపాన్ నుంచి ఆయన కోసం తెప్పించాను.

మాది మహబూబాబాద్ పక్కన తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం, అమ్మను యాడీ అంటాం. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు బ్యాంకు ఖాతాకు యాడీ ఫొటో కావలసి వచ్చింది. మొదట వెళ్లిన స్టూడియోలో, అద్దాల రవిక మెరుపు కొడుతుందని, మామూలు చీర కట్టించి తీసుకురమ్మన్నారు. యాడీ లేచి బయటికి నడిచింది. ఆ తర్వాత ఎక్కిన మెట్లు యాకన్నవి. ఆయన బట్టల మాటే ఎత్తలేదు. లైటును కాస్త పక్కకు జరిపి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని పేరు అడిగాడు. సక్రి అంది యాడీ. ఆ పేరును తండాలో మేము పలికినట్టు పలకడానికి ఆయన తంటాలు పడుతుంటే యాడీకి నవ్వొచ్చింది. ఆ నవ్వు మొహం మీంచి పూర్తిగా పోకముందే ఫొటో తీశాడు.

"పేరు తెల్వకుండ ఎవలను తియ్యను బిడ్డా. నన్నట్ల తీస్తే నాకు మంచిగ అనిపియ్యది" అన్నాడు నాతో, అడక్కుండానే.

సెలవు రోజుల్లో కంప్యూటర్ పని చేస్తానని చెప్పి ఆ స్టూడియోలో చేరాను కానీ, నిజానికి నాకు కావలసింది కెమెరా. ఆయనకు అది తెలిసిపోయింది. కొద్ది రోజులకే పెళ్లిళ్లకు వెంట తీసుకుపోయాడు. నేను తీసినవి బల్ల మీద పరిచి ఒక్కోదాని మీద వేలు పెట్టేవాడు. ఇక్కడ తొందరపడ్డావనీ, ఇక్కడ నిన్ను చూసి ఆ మనిషి బిగుసుకుపోయాడనీ చెప్పేవాడు. మెచ్చుకున్నది తక్కువ. కానీ నన్ను చూసి ఎన్నడూ నవ్వలేదు, నలుగురిలో తప్పు పట్టలేదు. తప్పు చెప్పేటప్పుడు ఆయన గొంతు మామూలు కంటే తగ్గేది. నాకు టీచరు ఉద్యోగం వచ్చి భూపాలపల్లికి వెళ్తుంటే, ఆయన భార్య కోమలక్క నాకు అన్నం పెట్టి ఏడ్చింది. ఆయన మాత్రం పిల్లల ముందు గొంతు తగ్గించి మాట్లాడమని చెప్పి పంపాడు.

అప్పటికే ఉద్యమం ముదిరింది. నిరాహార దీక్షల టెంట్లు, రోడ్ల మీద వంటావార్పులు, పట్టాల మీద బైఠాయింపులు. యాకన్న స్టూడియో షట్టర్ సగం దించి రోజూ ఆ టెంట్ల దగ్గరే ఉండేవాడు. నాయకులు ప్రసంగిస్తుంటే ఆయన కెమెరా పప్పు కలుపుతున్న ఆడవాళ్ల వైపు, పట్టాల మీద కండువా పరుచుకుని కునుకు తీస్తున్న హమాలీ వైపు తిరిగి ఉండేది. అలాంటి ఒక పొద్దున టెంటు దగ్గరే ఆయన కూలబడ్డాడు. పక్షవాతం. వరంగల్ దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేసరికి మాట కొంచెం తిరిగి వచ్చింది. కుడిచేయి రాలేదు.

కెమెరా మీటను ఎప్పుడూ కుడిచేత్తోనే నొక్కుతామని నేను అప్పటిదాకా గమనించనే లేదు. ఆయన తన కెమెరాను తలకిందులుగా పట్టుకుని ఎడమ బొటనవేలితో ప్రయత్నించాడట. అది జారి గచ్చు మీద పడింది. ఆ రోజు నుంచి బీరువాలో పెట్టించి, తాళంచెవి తన కంటికి కనపడనీయొద్దని చెప్పాడు. నేను చూడడానికి వెళ్తే గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వీధిలో ఊరేగింపు పోతోంది. డప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, "అందరు రోడ్డు మీదున్నరు సరితా. నేను మంచం మీదున్న" అన్నాడు.

భూపాలపల్లిలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతకడం మొదలుపెట్టాను. పాత కెమెరాల పిచ్చి ఉన్న విదేశీయులు రాసుకునే చోట ఒక సంగతి దొరికింది. చాలా ఏళ్ల కిందట జపాన్‌లో ఎడమచేతి వాటం వాళ్ల కోసమే ఒక కెమెరా చేశారు. నిలువుగా, ఒక్క ఎడమచేత్తో పట్టుకుని మీట నొక్కేది. రీలు దానంతట అదే తిరుగుతుంది. దాని తయారీ ఎప్పుడో ఆపేశారు. ఒక జపాన్ అంగడిలో పాతది అమ్మకానికి ఉంది గానీ, వాళ్లు దేశం బయటికి పంపరు. దీనికీ ఒక దారి ఉందని అక్కడే ఎవరో రాశారు. పార్శిళ్లు దాటించే కంపెనీ ఒకటి మన పేరు మీద జపాన్‌లో చిరునామా ఇస్తుంది. అంగడివాడు అక్కడికి పంపితే, వాళ్లు కట్టి మనకు పంపుతారు. డబ్బు కట్టడానికి మా లెక్కల సారు తన బ్యాంకు కార్డు వాడుకోనిచ్చాడు. తండాలో పుట్టిన నా పేరు, ఎన్నడూ చూడని ఊరి వీధి పేరు పక్కన తెరమీద కనిపిస్తే, ఎవరింటికో చెప్పకుండా వెళ్లి కూర్చున్నట్టు అనిపించింది.

పార్శిల్ మద్రాసు దాకా వచ్చింది. కస్టమ్స్ వాళ్లు అది పాతదా కొత్తదా, ఎందుకు అని అడిగారు. జవాబు రాసి పంపాను. ఇంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, రైళ్లు ఆగాయి, గనుల్లో బొగ్గు ఆగింది, బడులు మూసి మేమూ టెంటులో కూర్చున్నాం. పార్శిల్ హైదరాబాద్‌లో ఎక్కడో చిక్కుకుంది. సమ్మె గట్టిగా నిలవాలని పగలంతా నినాదాలిస్తూ, లోపల మాత్రం ఒక్క బండి కదిలితే బాగుండునని కోరుకునేదాన్ని. ఆ రెండూ నిజమే.

ఆయనకు చెప్పకుండా తెద్దామనుకున్నాను. కానీ కోమలక్క ఫోన్ చేసి, ఆయన అన్నం ముట్టడం లేదని, చేతికి వ్యాయామం చేయించే అతన్ని రావద్దన్నాడని చెప్పింది. ఫోను ఆయనకే ఇమ్మని సంగతంతా చెప్పేశాను. చెప్పాక నాకు భయమేసింది, జాలిపడ్డానని అనుకుంటాడేమోనని.

"రానీ, దాని టైముకు అది వస్తది" అన్నాడు, మాటను మెల్లగా కూడదీసుకుంటూ. "నా డబ్బ కోసం సమ్మె ఆపుతరా?"

ఆ సాయంత్రమే అన్నం అడిగి తిన్నాడట. మర్నాటి నుంచి ఎడమచేత్తో గ్లాసు ఎత్తి పట్టుకుని, నీళ్లు తొణక్కుండా ఉంచడం అలవాటు చేసుకున్నాడు. కెమెరా ఇంకా రాలేదు, మనిషి మాత్రం లేచి కూర్చున్నాడు.

సమ్మె ముగిశాక పార్శిల్ నా చేతికి వచ్చింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని మహబూబాబాద్ తీసుకెళ్లాను. కోమలక్క టేపు కోసింది. ఆయన బుడగల ప్లాస్టిక్ ఎడమచేత్తో తనే విప్పాడు. కెమెరా అరచేతిలో ఇమిడిపోయింది. దాన్ని కిటికీ వైపు తిప్పి ఒక కంటితో చూస్తూ అలాగే ఉండిపోయాడు. కోమలక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

మొదటి రీలు కడిగించడానికి హనుమకొండ పంపాల్సి వచ్చింది. ఫొటోలు వచ్చిన ఆదివారం నన్ను రమ్మన్నాడు. వాటిని బల్ల మీద తనే పరిచాడు. దాదాపు అన్నీ వణికినవే. ఇళ్లు ఒరిగిపోయి, మనుషులు సగం తెగిపోయి ఉన్నారు. "బాగున్నాయి అన్నా" అన్నాను. ఆయన నా వైపు చూశాడు.

"నేను నీకట్ల ఎన్నడన్న చెప్పిన్నా? ఏడ తప్పిన్నో చెప్పు."

ఎంతోమంది పెళ్లిళ్లు తీసిన మనిషి, నాకు కెమెరా పట్టుకోవడం నేర్పినవాడు, స్కూలు పిల్లవాడిలా నా మాట కోసం ఎదురు చూస్తున్నాడు. నేను వేలు పెట్టాను. ఇక్కడ మోచేయి పక్కటెముకలకు ఆనించలేదు. ఇక్కడ ఊపిరి పీలుస్తూ నొక్కావు. చెబుతుంటే నా గొంతు దానంతట అదే తగ్గింది. ఆయన ఒక్కొక్కదానికి తలూపాడు. ఆ మొహంలో చిన్నబుచ్చుకోవడం లేదు. నేర్చుకునే పని దొరికిన సంతోషం ఉంది.

తర్వాతి రీళ్లు కుదురుకున్నాయి. రాష్ట్రం వచ్చిన రోజు ఆయన కూడలిలో కుర్చీ వేయించుకుని, దగ్గరికి వచ్చిన వాళ్లందరినీ తీశాడు. ఆ ఫొటోల్లో వణుకు అక్కడక్కడా ఉంది. ఉన్నా ఎవరూ వాపసు ఇవ్వలేదు. కొన్నేళ్లకు ఆయన పోయాడు.

నేనిప్పుడు ఫొటోలు తక్కువ తీస్తాను, పాఠాలే ఎక్కువ. పాఠం సరిగా కుదరలేదని నాకే తెలిసే రోజులుంటాయి. మునుపైతే గంట కొట్టగానే పుస్తకం మూసి వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు ఆగి, ఎక్కడ తప్పానో చెప్పమని పిల్లలనే అడుగుతాను. అడిగి, సుద్దముక్క బల్ల మీద పెట్టి నిలబడతాను. వెనక బెంచీలో ఒక చేయి మెల్లగా లేస్తుంది.