ఎడమ చక్రంలో పిల్లికూతలు

ఆ చప్పుడు మొదట విన్నది నేను కాదు, మా అత్తయ్య. ఆదివారం పక్క ఊళ్లోని చర్చి నుంచి ఇంటికి వస్తున్నాం. పామర్‌స్టన్ నార్త్‌లో చలికాలం. అద్దాలన్నీ ఎక్కించి హీటర్ పెట్టుకున్నాం. మూడేళ్ల మా పాప వెనకాల తన సీటులో నిద్రపోతోంది. అత్తయ్య నా పక్కన, ఎడమవైపు ముందు సీట్లో, శాలువా చెవుల మీదుగా కప్పుకుని కూర్చున్నారు. ఉన్నట్టుండి శాలువా తీసేసి తల పక్కకి వంచారు.

“అమ్మాయ్, నీ కారుకి ఆయాసంగా ఉందే. పిల్లికూతలు వినపడుతున్నాయి.”

ఆవిడ తెనాలి ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఉబ్బసం రోగుల మధ్య చాలా కాలం పనిచేసిన మనిషి. మనవరాలిని చూసుకోవడానికని కొన్ని నెలల కోసం మా దగ్గరికి వచ్చారు. నేను హీటర్ ఆపి విన్నాను. నిజమే. సన్నగా, రేకు మీద మేకు పెట్టి గీసినట్టు, ఆగి ఆగి వస్తోంది. ఇంటి ముందు ఆపేసరికి ఏదో మాడిన వాసన కూడా వచ్చింది. పక్కింటివాళ్లు పొయ్యిలో ఏ పచ్చికట్టెలో వేసుంటారులే అనుకున్నాను.

మాది జపాన్ నుంచి సెకండ్‌హాండ్‌లో వచ్చిన పాత బండి. తాళం తిప్పగానే లోపలి నుంచి ఒకావిడ జపనీస్‌లో ఏదో పలకరిస్తుంది. ఏమంటుందో ఇంతవరకూ మాకు తెలియదు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఈ దేశం వచ్చాకే, అదీ పెళ్లయి పాప పుట్టాక. స్టీరింగ్ ముందు కూర్చోవాలంటేనే భయం. అయినా నడపక తప్పదు. నేను ముసలివాళ్లను చూసుకుంటూ పనిచేసే రెస్ట్‌హోమ్ కొండలకు అవతల, పహియాటువాలో ఉంది. మధ్యలో పర్వతం ఎక్కి దిగే దారి ఒకటుంది, ట్రాక్ అంటారు. వారంలో మూడు రోజులు ఆ మలుపుల్లో పడి వెళ్లాలి. బస్సు లేదు. మా ఆయన వెల్లింగ్టన్‌లో కాంట్రాక్టు ఉద్యోగం. సోమవారం పొద్దున వెళ్తే శుక్రవారం సాయంత్రానికి గానీ రారు.

ఫోన్‌లో చెబితే ఆయన నవ్వేశారు. “పాత బండి కదా, ఏవో చప్పుళ్లు ఉంటాయి. పాటలు పెట్టుకో, వినపడదు.”

పాటలు పెట్టుకున్నాను. పాట వెనకాల ఆ గీత వినపడుతూనే ఉంది. పైగా పాట అయిపోయి ఇంకో పాట మొదలయ్యే ఆ కాస్త ఖాళీలో నా గుండె కొట్టుకోవడం కూడా వినపడేది.

మా వీధికి దగ్గర్లో ఒక చిన్న గరాజు ఉంది. తీసుకెళ్లాను. మెకానిక్ మర్యాదస్తుడు. బానెట్ ఎత్తి, ఇంజన్ రెయిజ్ చేసి, తిరుగుతున్న బెల్టు మీద సీసాతో కాసిని నీళ్లు చల్లాడు. చప్పుడు బెల్టుదైతే నీళ్లు పడగానే మారుతుందట. మారడానికి అసలు చప్పుడంటూ ఉంటే కదా! నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీధి చుట్టూ తిప్పాడు. బండి నోరు మెదపలేదు. డాక్టరు ముందు కూర్చోగానే జ్వరం తగ్గిన పిల్లలా ఉంది. బెల్టు పగుళ్లిచ్చింది కాబట్టి మారుద్దాం, బహుశా అదే అయ్యుంటుంది అన్నాడు. మార్పించాను. ఊళ్లో షాపులకీ పాప డేకేర్‌కీ తిరిగినన్నాళ్లూ ఏ చప్పుడూ రాలేదు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత డ్యూటీకి కొండ ఎక్కుతుంటే మళ్లీ మొదలైంది. ఈసారి సన్నగా కాదు, కీచుమని. గడ్డి మేస్తున్న గొర్రెలు తలెత్తి చూశాయి. కుడివైపు మలుపు తిరిగితే పెరుగుతోంది, బ్రేకు మీద కాలు పెడితే ఆగుతోంది, కాలు తీస్తే మళ్లీ. ఆ రోజు రెస్ట్‌హోమ్‌లో ఒక పెద్దావిడకి భోజనం తినిపిస్తూ నేను చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాను. తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ అదే కొండ కదా అన్నది తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

ఇంటికి వచ్చాక అత్తయ్యకు చెప్పాను. ఆవిడ కొట్టిపారెయ్యలేదు.

“పద, నువ్వు నడుపు, నేను వింటా. ఒకళ్లం వినాలి, ఒకళ్లం నడపాలి. రెండూ నీవల్ల కాదు.”

పాపను వెనక కూర్చోబెట్టుకుని ఊరు దాటి చాలాదూరం వెళ్లి, వెనక్కి తిరిగి, గోదాముల వీధిలో పొడవాటి కాంక్రీటు గోడ పక్కన అద్దాలు దించి మెల్లగా నడిపాను. చప్పుడు గోడకి తగిలి తిరిగి వస్తోంది. అత్తయ్య కళ్లు మూసుకుని విన్నారు.

“నా కాళ్ల కిందనుంచే. ముందు చక్రం. ఏదో తీగముక్క ఇరుక్కుందే లోపల.”

టార్చి వేసి చూస్తే తీగ లేదు, రాయి లేదు. అయినా ఎటునుంచి వస్తోందో తెలిసింది కదా, గరాజుకి ఫోన్ చేశాను. చాలాదూరం నడిపాక ఎడమ ముందు చక్రం దగ్గర వస్తోంది, బ్రేకు తొక్కితే ఆగుతోంది అని చెప్పాను. శుక్రవారం తీసుకురమ్మన్నాడు. అంతకు ముందురోజు నాకు రెస్ట్‌హోమ్‌లో ట్రైనింగ్ ఉంది. వెళ్లి తీరాలి.

“ఒక్కదానివీ వద్దు, నేనూ వస్తా,” అన్నారు అత్తయ్య. పాపను డేకేర్‌లో దింపి ఇద్దరం బయల్దేరాం.

ఎక్కేటప్పుడు బండి బరువుగా లాగుతోంది. వెనకనుంచి ఎవరో పట్టుకున్నట్టు ఇంజన్ రొప్పుతోంది. కీచుమనే చప్పుడు ఆగకుండా వస్తోంది. అత్తయ్య తలుపు పైనున్న పిడి పట్టుకుని ముందుకే చూస్తున్నారు. కొండ మీదకి వచ్చి దిగుడు మొదలవగానే చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

“తగ్గింది అత్తయ్యా!”

ఆవిడ ముక్కు ఎగబీల్చారు. “ఏదో కాలుతోందే.”

నాకూ వాసన తగిలింది. మలుపు వస్తోంది. బ్రేకు తొక్కాను. బండి ఎడమకి ఒక్క గుంజు గుంజింది. ఆ వెంటనే పెడల్ నా కాలి కింద మెత్తబడిపోయింది. నీళ్లు నిండిన చెప్పులో అడుగేసినట్టు, అడ్డమేమీ లేకుండా లోపలికి వెళ్లిపోయింది. బండి ఆగలేదు.

భయం అనేది అంతకుముందు నాకు తెలుసనుకున్నాను. అది వేరు. ఇది ఒంట్లోకి చన్నీళ్లు పోసినట్టు వచ్చింది. చేతులు నావి కావు, కాళ్లు నావి కావు. కళ్లముందు రోడ్డు మాత్రం చాలా స్పష్టంగా, ప్రతి రాయీ కనపడేంతగా ఉంది. ఎడమపక్క కంచె, కంచె అవతల లోయ. ఒకటే ఆలోచన: పాపను డేకేర్ నుంచి ఎవరు తీసుకొస్తారు? వాళ్లు ఫోన్ చేసేది నాకే. నేను ఎత్తకపోతే అత్తయ్యకి. ఇద్దరం ఇక్కడే ఉన్నాం.

అత్తయ్య గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. ప్రభువా ప్రభువా అంటూ మాట మీద మాట. ఆ గొంతులో నాకు ఏం చెయ్యాలో అందడం లేదు.

“నోరు ముయ్యండి అత్తయ్యా!” అని అరిచాను.

ఆవిడ ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో డ్రైవింగ్ క్లాసులో ఎప్పుడో విన్నది గుర్తొచ్చింది: గేరు తగ్గిస్తే ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుందని. గేరు కర్రను వెనక్కి లాగాను. ఆటోమేటిక్ బండి కదా, మామూలుగా నడిపే డి అక్షరం కింద రెండు అనే అంకె ఉంటుంది. బండి కొన్నప్పటినుంచి దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఇంజన్ ఒక్కసారి గర్జించి, మమ్మల్నిద్దర్నీ ముందుకు తోసింది. వేగం కాస్త పడింది. మలుపు తిరిగాం. పెడల్ టపటపా కొడుతూ ఉన్నాను. కొట్టగా కొట్టగా అడుగున ఎక్కడో కొంచెం పట్టు తగులుతోంది. ఎడమ చేత్తో హ్యాండ్‌బ్రేకు కొంచెం లాగడం, వదలడం. మరీ లాగితే వెనక చక్రాలు జారతాయని భయం, లాగకపోతే ఇంకో మలుపని భయం.

“ముందు గేటుంది! గేటు పక్కన గడ్డి!” అన్నారు అత్తయ్య. ఇప్పుడు ఆవిడ గొంతు ఆసుపత్రి గొంతు. “ఎడమకే పోనీ. గడ్డిలోకి పోనీ.”

పోనిచ్చాను. బండి కంకరలో ఊగి, గడ్డిలో ఈడ్చుకుంటూ వెళ్లి, మట్టిగట్టుకు ముందుభాగం ఆనించి ఆగింది. గట్టిగా కూడా తగల్లేదు. కప్పు బల్ల మీద పెట్టినంత చప్పుడు.

అత్తయ్య నా వేళ్లు ఒక్కొక్కటే స్టీరింగ్ మీదనుంచి విప్పారు. ఎడమ చక్రం నుంచి తెల్లగా పొగ లేస్తోంది. ఆవిడ దిగి నీళ్ల సీసా మూత తియ్యబోతుండగా వెనకాల ఒక యూట్ ఆగింది. ఇక్కడ రైతులు నడిపే తొట్టి బండి అది. అందులోంచి రబ్బరు బూట్లు వేసుకున్న ఒకామె దిగి, చెయ్యి అడ్డం పెట్టి పరిగెత్తుకొచ్చింది.

“నీళ్లు పొయ్యకండి, కాలిన ఇనుము పగులుతుంది. ఇంజన్ ఆపండి, దూరంగా రండి,” అంది ఇంగ్లీషులో.

ఆమె ఒక్కో చక్రం దగ్గరా చెయ్యి ఆనించకుండా చాచి చూసింది. మూడు చల్లగానే ఉన్నాయి. ఎడమ ముందుదాని దగ్గర చెయ్యి ఒక అడుగు దూరంలోనే వెనక్కి లాక్కుంది. తన తండ్రి ట్రాక్టరుకి ఒకసారి ఇలాగే అయింది, బ్రేకు పట్టుకుని వదల్లేదు అంది. అక్కడ మా ఫోన్లకు సిగ్నల్ లేదు. మమ్మల్ని తన బండిలో ఊళ్లోకి తీసుకెళ్తానంది. వెనక తొట్టిలో రెండు గొర్రెలకాపరి కుక్కలు. అత్తయ్యకు కుక్కలంటే చచ్చేంత భయం. ఆ రోజు మాత్రం వాటివంక చూడనుకూడా లేదు. ముందు సీట్లో ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. ఆమె కొండ దిగువకి కాకుండా వెనక్కి, మా ఊరివైపే తిప్పింది. దారంతా ఆమె తొక్కే బ్రేకు వంకే చూస్తూ కూర్చున్నాను. సిగ్నల్ రాగానే డేకేర్‌కి ఫోన్ చేశాను. పాప పెయింటింగ్ వేస్తోందని చెప్పారు. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆ సాయంత్రమే బండిని లాక్కొచ్చి గరాజులో పెట్టారు. కబురు విని ఆ రాత్రే వచ్చేసిన మా ఆయనా, నేనూ మర్నాడు వెళ్లాం. మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. డిస్క్‌ని రెండువైపులా పట్టుకుని వదలాల్సిన బ్రేకు పట్టు తుప్పెక్కి బిగుసుకుపోయిందట. నేను కాలు తీసినా అది వదలకుండా రాసుకుంటూనే ఉంది, అందుకే ఆ కీచుమనడం. కాసేపు నడిచి వేడెక్కితే గానీ బిగుసుకోదు, అందుకే వీధి చుట్టూ తిప్పితే పలకలేదు. కొండ ఎక్కేసరికి పూర్తిగా బిగుసుకుని చప్పుడు కూడా ఆగింది, ఆ వేడికి బ్రేకు నూనె మరిగింది, పెడల్ మెత్తబడింది. డిస్క్ నీలంగా కమిలిపోయి ఉంది.

“మొన్న ఇంకాస్త దూరం తిప్పాల్సింది నేను,” అన్నాడతను. నాకు కోపం రాలేదు. మా ఆయన అరిగిన బ్రేకు లైనింగును చేతిలోకి తీసుకుని వేలితో తడిమి చూశారు. ఇంటికి వెళ్లే దారిలో, “ఇంక ఆ దారిన వెళ్లకు,” అన్నారు. “మరి ఉద్యోగం?” అన్నాను.

అత్తయ్య ఈ సంగతి తెనాలికి ఫోన్ చేసి చెప్పారు, చర్చిలో చెప్పారు, డేకేర్ టీచరుకు సగం తెలుగులో సగం సైగలతో చెప్పారు. వాసన, పొగ, గేటు, కుక్కలు అన్నీ ఉంటాయి. నేను అరిచిన ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడా రాదు. వంటింట్లో ఒకసారి, “అత్తయ్యా, ఆ రోజు నేను...” అని మొదలుపెడితే, “పులుసులో ఉప్పు చూడు,” అన్నారు.

బండి బాగై వచ్చాక కొన్ని వారాలు నేను ఉత్తరంగా చుట్టు తిరిగి కొత్త హైవే మీద డ్యూటీకి వెళ్లాను. విశాలమైన రోడ్డు, మలుపులు లేవు. అయినా పక్కన వెళ్లే లారీ చప్పుడైనా నా చక్రంలోంచే వచ్చినట్టుండేది. చప్పుడు లేకపోతే మరీ భయం. ఆ రోజు ఆగిపోయాకే కదా అంతా జరిగింది. రెస్ట్‌హోమ్ చేరాక కారులోనే కాసేపు కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక లోపలికి వెళ్లేదాన్ని.

గొర్రెపిల్లలు పుట్టే కాలంలో ఒక రోజు, హైవే మీద ఏదో పని జరుగుతోందని దారి మళ్లించారు. ట్రాక్ మీదే వెళ్లాలి. ఆ రోజు ఒక్కదాన్నే. కొండ మీద బండి ఆపి దిగాను. గాలికి తలుపు చేతిలోంచి లాక్కుపోయింది. కాసేపు కంచె పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ ఎక్కి, గేరు రెండులో వేసి, మెల్లగా దిగడం మొదలుపెట్టాను. రెండో మలుపు దాటేసరికి నా వెనక కార్లు బారు తీరాయి. ఎవరో ఒకసారి హారన్ కొట్టారు. ఖాళీ కనపడగానే ఎడమకి తీసి, ఆపి, అందర్నీ ముందుకు పోనిచ్చాను. ఆఖరి కారు కూడా వెళ్లిపోయాక బ్రేకు ఒకసారి తొక్కి చూసుకున్నాను. గట్టిగానే ఉంది. అదే రెండో గేరులో మిగతా కొండ దిగాను.