నవ్వులో తప్పు

డెబ్భైల్లో బెజవాడ పటమటలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను డ్రాయింగు మాస్టర్ని. మామిడికాయ, కూజా, జాతీయ జెండా గీయించడం నా ఉద్యోగం. రెండేళ్ళకే ప్రాణం విసిగిపోయింది. ఆర్ట్ కాలేజీలో నేను చదువుకున్న వెలుగునీడలు, పోస్టర్లు, ఫొటోల పాఠాలే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు శనివారం మధ్యాహ్నాలు చెబుతానని స్కూలు నడిపే కరస్పాండెంటుగారిని అడిగాను. "కాలేజీ చదువు ఈ పిడుగులకెందుకండీ?" అని నవ్వి, సరే, కొన్నాళ్ళు చూద్దామన్నారు.

ఆ క్లాసు కోసమే వారమంతా బతికేవాణ్ణి. అలాగని పిల్లల్ని ముద్దు చేయలేదు. మా కాలేజీలో బొమ్మలన్నీ గోడకు ఆనించి, ఒకరి బొమ్మలో ఒకరం తప్పులు పట్టేవాళ్ళం. ఇక్కడా అదే పెట్టాను. "బాగుందండి" అన్నవాణ్ణి బెంచీ ఎక్కించేవాణ్ణి. బాగుందనడానికి చదువెందుకు? మొదట్లో ఏడ్చారు. దసరా సెలవులు దాటేసరికి రాటుదేలారు. పక్కవాడి బొమ్మను చీల్చి చెండాడుతుంటే నాకు కడుపు నిండేది. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

కరస్పాండెంటుగారి భార్య అంతకు ముందు ఏడాది పోయారు. సంవత్సరీకానికి నూనెరంగుల్లో ఆవిడ బొమ్మ వేయమని ఆయన ఒక ఫొటో ఇచ్చారు. "స్టూడియోలో నేనే పక్కన నిలబడి తీయించానండీ. బొమ్మ నచ్చిందా, మీ క్లాసుకి ఢోకా లేదు" అన్నారు. ఫొటో మీద గళ్ళు గీసి, గడికి గడి పెంచి, వెంట్రుకవాసి తేడా లేకుండా వేశాను. ముక్కుపుడక మెరుపు కూడా దిగింది.

ఆయన చూడటానికి వచ్చేసరికి, నా ఖర్మకొద్దీ, శనివారం క్లాసు నడుస్తోంది. బొమ్మ ముందు కాసేపు నిలబడి ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "అచ్చం ఆవిడే. ఏమర్రా, ఎలా ఉంది?" అని పిల్లల్ని అడిగారు.

ఎవరూ బాగుందనలేదు. అంటే బెంచీ ఎక్కించడానికి నేనున్నాను. ఉయ్యూరు నుంచి వచ్చి పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటున్న తొమ్మిదో తరగతి పిల్ల లేచింది.

"నోరు నవ్వుతుందండి, కళ్ళు నవ్వట్లేదండి. పక్కన ఎవరో ఉన్నారండి, చూపంతా అటే పోయింది. వాళ్ళంటే ఈవిడకి భయమండి. సార్ తప్పేశారండి."

నేను తప్పు వేయడమా! ఒళ్ళు మండింది. "నేనేం కల్పించలేదు, ఫొటోలో అలాగే ఉంది" అని ఫొటో తీసి అందరికీ చూపించాను. అలాగే ఉంది.

ఆయన ముఖం మాడిపోయింది. పెద్దమనిషి కదా, పిల్లల ముందు అరవలేదు. "పోనీ, దిద్దండి. చక్కగా నవ్వుతున్నట్టు పెట్టండి" అన్నారు. మా క్లాసులో తప్పు పట్టినవాళ్ళే దిద్దాలి. ఆ పిల్ల కుంచె తీసుకుని బొమ్మ దగ్గరకు వచ్చింది. ఎంతో మర్యాదగా ఆయన్నే అడిగింది.

"అమ్మగారు ఎట్టా నవ్వేవారండీ?"

ఆయన బొమ్మ వైపు చూశారు, కిటికీ వైపు చూశారు. పిల్ల కుంచె పట్టుకుని నిలబడే ఉంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఒక్క నవ్వు గుర్తు రావడం లేదని క్లాసంతటికీ తెలిసిపోతోంది. చివరికి నావైపు తిరిగారు.

"మీరు చెప్పండి మాస్టారూ. మా ఇంటికి వచ్చేవారుగా, మీరూ చూశారుగా."

క్లాసు నిలబెట్టుకోవాలంటే ఏదో ఒక అబద్ధం చాలు. జాలి పడినా సరిపోయేది. నాకు జాలి కలగలేదు.

"ఎప్పుడొచ్చినా మీరు పక్కనే ఉండేవారు కదండీ," అన్నాను. "నేను చూసిన నవ్వు ఇదే."

ఆయన బొమ్మ తీసుకోకుండానే వెళ్ళిపోయారు. ఆ క్లాసు మళ్ళీ జరగలేదు.