అరవై రాత్రుల ఊరు

మా ఆయన హొరియె ఇసావో పోయి ఏడాదైంది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఆయన్ని నిదానస్తుడని మెచ్చుకున్నారు. ఏ పనైనా ఆలోచించి చేసేవారన్నారు. నేను తల వంచుకుని విని టీ పోశాను. ఆ నిదానంతో ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసినదాన్ని, దాని రుచి నాకు తెలుసు. అన్నం కుక్కరు ఒకటి కొనడానికి ఆయనకు పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాలూ నేను గిన్నెలో ఎసరు పెట్టి వండాను.

ఆయన పని లిఫ్టుల తనిఖీ. కవాసాకిలో మేడమేడకీ తిరిగి, తాళ్ళు అరిగాయా, తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయా అని చూసి, కాగితం మీద గడుల్లో గుర్తులు పెట్టి కింద ముద్ర వేసేవారు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ముద్ర పడేది కాదు. ఇంట్లోనూ అదే పద్ధతి.

మా మినోరి పదో ఏట బడి మానేసింది. అక్కడ దాన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పొద్దున్నే లేచి, సంచీ తగిలించుకుని, గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకునేది. అక్కడితో సరి. లేచేది కాదు. గోడకేసి చూస్తూ ఉండిపోయేది. తొమ్మిదింటికి నేనే బూట్లు విప్పేదాన్ని. బలవంతపెడితే వాంతి చేసుకునేది. డాక్టరు చూసి, "ఊరు మారిస్తే మంచిదేమో. కాస్త చిన్న బడి, కాస్త తెరిపి" అన్నాడు. ఏ ఊరో చెప్పనందుకు ఆ డాక్టరు మీద మా ఆయనకు గురి కుదరలేదు.

ఆ ఆదివారం ఆయన పెద్ద కాగితం పరిచి గడులు గీశారు. ఒక వైపు ఊళ్ళు, ఒక వైపు గుణాలు. తరగతికి ఎందరు పిల్లలు, పిల్లల ఆస్పత్రి ఎంత దూరం, వాన పడే రోజులెన్ని, గ్రంథాలయంలో కుర్చీలెన్ని, ఆరంతస్తులు దాటిన మేడలెన్ని. ఈ చివరిది తన ఉద్యోగం కోసం. కాకుల బెడదకు కూడా ఒక గడి ఉంది. మొత్తం నలభై ఊళ్ళు, అరవై రెండు గుణాలు.

"మినోరిని కూడా ఒకసారి అడిగితే బాగుంటుంది కదండీ" అన్నాను.

"పదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది కనాయె? వాన రోజుల సగటు తెలుసా దానికి?"

"బడికి వెళ్ళాల్సింది అదే కదా."

"అందుకే కదా ఇంత చేస్తున్నాను" అని స్కేలు అందుకున్నారు.

ఊరు మారదలచిన వాళ్ళ కోసం టోక్యోలో సంత లాంటిది పెడతారు. ఒక్కో ప్రాంతంవాళ్ళు ఒక్కో బల్ల వేసుకుని, మా నీళ్ళు తియ్యన, మా గాలి చల్లన అని పిలుస్తుంటారు. మా ఆయన ఏ బల్లనూ చిన్నబుచ్చలేదు. ఒకచోట ఓ అమ్మాయి ఉత్సాహంగా, "మా ఊళ్ళో నక్షత్రాలు చూసి తీరాలండీ" అంది.

"ఏడాదిలో ఎన్ని రాత్రులు మబ్బు లేకుండా ఉంటుంది?"

"చాలా ఉంటాయండీ."

"చాలా అంటే?"

ఆ అమ్మాయి లేచి పైవాణ్ణి పిలుచుకొచ్చింది. పైవాడు ఆయన చేతిలోని కాగితం మందం చూసి భోజనానికి వెళ్ళిపోయాడు. మూడోసారి మేము సంతకు వెళ్ళేసరికి, మమ్మల్ని దూరం నుంచి చూసి 'విరామం' అట్ట పెట్టేసిన బల్లలు నేను నాలుగు చూశాను. ఆయనకు కనపడలేదు. ఆయన రాసుకుంటున్నారు.

ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి. పద్నాలుగు నెలలూ మినోరి పొద్దున్నే బూట్లు వేసుకుంటూనే ఉంది. చివరికి ఎనభై ఒక్క మార్కులతో మత్సుయె మొదట నిలిచింది. అక్కడ డిసెంబరు ఒకటి నుంచి ఉద్యోగం కుదిరింది. ఇల్లూ దొరికింది. ఇంటి యజమాని ఏదో కార్యాలయంలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. ఉత్తరంలో ప్రతి వాక్యానికీ నంబరు వేసి రాసేవాడు. మా ఆయన ఆ ఉత్తరాలు చదివి, "ఎంత స్పష్టత" అని మురిసిపోయేవారు.

అప్పుడు మా అత్తయ్య దిక్కుల పంచాంగం తెరిచింది. ఆవిడ మాతోనే ఉండేది.

"ఇసావో, మినోరి నక్షత్రానికి ఈ ఏడు పడమర పనికిరాదురా."

"అమ్మా, ఏ కాలం మాటలివి?"

"ఏ కాలమైతేనేం, పడమర పడమరే. మత్సుయె ఏమైనా తూర్పుకి జరిగిందా?"

"దానికి ఆధారం ఏమీ లేదు."

"సరే, లేదు. నీ కాగితంలో దానికి గడి ఉందా?"

కన్నతల్లి కదా, ఎక్కడ నొక్కాలో ఆవిడకు తెలుసు. మర్నాడు ఆయన దిక్సూచి, కోణమానిని కొనుక్కొచ్చి దేశపటం మీద గీత గీశారు. మత్సుయె మా ఇంటికి దాదాపు సూటిగా పడమర. నమ్మకం లేని మనిషి నమ్మకం లేకుండానే అరవై మూడో గడి గీశారు. అది ఖాళీగా ఉన్నంతసేపూ ఆయనకు అన్నం సయించలేదు.

విరుగుడు కూడా అత్తయ్యే చెప్పింది, తాతల నాటిది. తిన్నగా వెళ్ళకుండా ముందు వేరే దిక్కుకు వెళ్ళి, అక్కడ వరసగా అరవై రాత్రులు పడుకోవాలి. అప్పుడు అదే మన ఇల్లవుతుంది. అక్కణ్ణుంచి బయల్దేరితే దిక్కు మారిపోతుంది. ఆయన మళ్ళీ దేశపటం మీద వంగారు. సముద్రం ఒడ్డున ఉన్న హిమి మా ఇంటికి వాయవ్యం, హిమికి మత్సుయె నైరుతి, లెక్క సరిపోయింది. పైగా అక్కడ, వచ్చి ఉండి చూడాలనుకునే కుటుంబాలకు కొన్నాళ్ళపాటు ఒక ఇల్లు తక్కువ అద్దెకిస్తున్నారు.

"హిమికి మీరిచ్చింది నలభై నాలుగే కదండీ" అన్నాను. వాన ఎక్కువ, మేడలు తక్కువ అని మొదటి వడపోతలోనే కొట్టేసిన ఊరది.

"ఉండటానికి కాదుగా, పడుకోవడానికి."

అలా ఆయన కవాసాకి ఉద్యోగం మానేసి, సెప్టెంబరు ఆఖర్న నలుగురం హిమిలో దిగాం. నిబంధన ఒకటే, ఏ ఒక్కరూ ఒక్క రాత్రి కూడా బయట పడుకోకూడదు. తప్పితే లెక్క మొదటికొస్తుంది. కనజావాలో మా పినతల్లి కూతురి పెళ్ళికి వెళ్ళి, విందు సగంలో లేచి రైలెక్కి వచ్చేశాను. ఆ చెల్లెలు నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. దిక్కు మాత్రం మా మీద అలగలేదు.

మినోరిని బడిలో వెయ్యలేదు. "అరవై రోజులకు బడెందుకు? మత్సుయెలోనే మొదలుపెడదాం" అన్నారు ఆయన. ఇక పొద్దున్నే దాన్ని లేపేవాళ్ళు లేరు, గుమ్మం దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరు. పిల్ల సముద్రం ఒడ్డుకు పోవడం మొదలుపెట్టింది. పక్కింటి యొనెదా అవ్వ అక్కడ వెదురు చట్రాల మీద చేపలు ఎండబెట్టేది.

"ఏటే పిల్లా, సూస్తా నిలబడిపోనావు? ఆ సేపలు తిరగెయ్యి. ఎండ పోతంది."

"ఎలా తిరగెయ్యాలి?"

"సేపకి రెండు పక్కలే ఉంటాయి. రెండోది పైకి పెట్టు."

మినోరి తిరగేసింది. మర్నాడూ వెళ్ళింది. అవ్వ దాన్ని ఏ ఊరని అడగలేదు, ఏ తరగతని అడగలేదు. చేపలు సరిగ్గా తిరగెయ్యకపోతే మాత్రం తిట్టేది.

ఆ వీధి పిల్లలు పొద్దున ఏడున్నరకు వరసగా నడిచి బడికి వెళ్ళేవారు. ముందు పసుపు జెండా పట్టుకుని ఆరో తరగతి అమ్మాయి సయో, వెనక చిన్నవాళ్ళు. అక్టోబరులో ఒక వాన పొద్దున మినోరి అవ్వ పాక చూరు కింద నిలబడి ఉంటే ఆ వరస ఆగింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను.

"రా, వెనక నించో" అంది సయో.

"నేను మీ బళ్ళో లేను."

"ఈ వీధేగా? ఈ వీధివాళ్ళంతా ఈ వరసే. బడి సంగతి బళ్ళో చూసుకుందాం. నడు, లేటైతే తిట్లు నాకు పడతాయి."

చేతిలో జెండా ఉన్నవాళ్ళకు వరస ముఖ్యం, పూర్వాపరాలు కావు. మినోరి రబ్బరు బూట్లతో, సంచీ లేకుండా, చేపల వాసనతో వరస చివర నిలబడి వెళ్ళిపోయింది. నేను గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. పొయ్యి మీద పులుసు మాడింది.

పన్నెండున్నరకు బడి నుంచి ఫోను.

"మీ అమ్మాయి ఇక్కడుందండీ. మా హాజరుపట్టీలో పేరు లేదు. భోజనం పెట్టొచ్చా అని."

"పెట్టండి, పెట్టండి."

"పెట్టేశాం లెండి. రెండోసారి పులుసు అడిగింది."

మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. బడివాళ్ళే కాగితాలు పంపి, ఉన్నన్నాళ్ళకు చేర్చుకున్నారు. మా ఆయన సంతకం పెడుతూ, "మంచిదే. మత్సుయెకి సాధనగా ఉంటుంది" అన్నారు.

యాభై రెండో రోజు భోజనాల దగ్గర మినోరి గిన్నె కింద పెట్టింది.

"నాన్నా, నేను అక్కడికి రాను."

"అక్కడ ఎనభై ఒకటమ్మా."

"ఏమిటి ఎనభై ఒకటి?"

"మార్కులు."

"ఎవరికొచ్చాయి?"

ఆయన పచ్చడి ముక్క నోట్లో వేసుకున్నారు. పిల్ల లేచి వెళ్ళాక నేను అందుకున్నాను.

"పద్నాలుగు నెలలు మనం వెతికింది దీని కోసమే కదండీ. బడికి వెళ్తోంది కదా."

"ఇరవై ఒక్క రోజుల లెక్క మీద తీర్మానం చెయ్యకూడదు కనాయె. లిఫ్టు ఇరవై ఒక్క రోజులు ఆడిందని ముద్ర వేసేస్తానా?"

"మత్సుయె లిఫ్టు ఒక్కరోజు కూడా ఆడలేదు కదా. దానికెలా వేశారు?"

అత్తయ్య సూపు గిన్నె మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన రబ్బరు పట్టుకుని కాగితం ముందు కూర్చున్నారు. వాన రోజులు ఎక్కువైతే పిల్లలకు చదువుకునే సమయం దొరుకుతుందని తేల్చారు. మేడలు లేకపోతే మంటల భయం తక్కువన్నారు. కాకుల గడిలో ఉదారంగా ఆరు మార్కులు వేశారు. హిమి యాభై ఎనిమిదికి, అరవై ఆరుకి, చెమటలు కక్కుకుంటూ డెబ్భై తొమ్మిదికి ఎక్కింది. ఆ పైన కదల్లేదు.

"మత్సుయెకి మూడు తగ్గించండి, సరిపోతుంది" అన్నాను.

"అది మోసం" అన్నారు, నిజంగా నొచ్చుకుని.

చలికాలం మొదట్లో, చేపలకు కొవ్వు పట్టే రోజుల్లో, ఆ సముద్రం మీద ఉరుములొస్తాయి. యాభై తొమ్మిదో రోజంతా ఉరిమింది. పెట్టెలన్నీ కట్టి గుమ్మం దగ్గర పేర్చాం. లారీ అరవై ఒకటో పొద్దున వస్తుంది.

అరవయ్యో రోజు పొద్దున మినోరి సంచీ తగిలించుకుని, పెట్టెల మధ్య సందులో కూర్చుని బూట్లు వేసుకుంది. వేసుకుని లేవలేదు. గోడకేసి చూస్తూ కూర్చుంది.

బయట వడగళ్ళ వాన. వరస వచ్చి మా ముందు ఆగింది.

"మినోరి, పద" అంది సయో.

పిల్ల కదల్లేదు. చిన్నవాళ్ళు గొడుగుల కింద కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ముక్కు కారుతున్న ఒకటో తరగతివాడు, "అక్కా, చలేస్తోంది" అన్నాడు. "వేస్తే వెయ్యనీ. పన్నెండుమందిమీ వెళ్ళాలి" అంది సయో. తర్వాత మా ఆయనకేసి చూసి, "బాబాయ్ గారూ, ఆ పెట్టెలు కాస్త జరపండి. తను ఎలా వస్తుంది?" అంది.

ఆయన గడియారం చూసుకున్నారు. పిల్లల్ని చూశారు. మినోరి వీపు చూశారు, చాలాసేపు. తర్వాత వసారాలో ఉన్న ఫోను దగ్గరికి వెళ్ళి మత్సుయె ఇంటి యజమానికి చేశారు. పొద్దున్నే లేచే మనిషి, వెంటనే ఎత్తాడు. అతనికి వినికిడి కొంచెం తక్కువ కాబట్టి అతని గొంతు ఫోనులోంచి మాక్కూడా వినిపించేంత పెద్దది.

"హొరియెనండీ. మేము రావడం లేదు. ఇల్లు ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

"కారణం చెప్పాలి. రాసుకోవాలి. ఒకటి ఉద్యోగం, రెండు అనారోగ్యం, మూడు వేరే ఇల్లు దొరకడం, నాలుగు ఇతరములు."

"మా అమ్మాయి ఇక్కడ బడికి వెళ్తోంది."

"అది లేదండీ. ఇతరములు అని రాస్తాను."

"ఇతరములు కాదండీ. అదే అసలు కారణం. దానికొక గడి ఉండాలి."

"ఉన్నవి నాలుగే."

"అయిదోది గీయండి. స్కేలు లేదా మీ దగ్గర?"

"ఇరవై ఏళ్ళుగా నాలుగే ఉన్నాయండీ. ఎవరూ అడగలేదు."

"నేను అడుగుతున్నాను కదండీ."

ఇద్దరూ ఒకే జాతి మనుషులు. ఒకరు వదలరు, ఇంకొకరు వంగరు. అత్తయ్యా నేనూ రెండు పెట్టెలు పక్కకు ఈడ్చాం. చివరికి ఆయన ఫోను పెట్టేసి, చెవి ఎర్రగా చేసుకుని ఇటు తిరిగారు. గుమ్మంలో ఎవరూ లేరు. వీధి మలుపులో పసుపు జెండా కనిపించి మాయమైంది.

"ఎప్పుడు వెళ్ళింది?" అన్నారు.

"మీరు స్కేలు లేదా అని అడుగుతున్నప్పుడు" అన్నాను.