పాత ఓనరమ్మ ఇచ్చిన సర్టిఫికెట్

నీళ్ల మోటరు దగ్గర మా ఓనరమ్మతో రోజూ గొడవే. తట్టుకోలేక ఈ రోజు మార్కాపురంలోనే ఇంకో బాడుగ ఇల్లు చూడ్డానికి పోయినాను. ఆ ఇంటామె మూడు నెలల అడ్వాన్సు అడిగింది. అది చాలదన్నట్టు, నా గురించి కనుక్కోవడానికి మా ఓనరమ్మకు నా ముందే ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఇంక ఇల్లు దొరికినట్టే అనుకున్నాను.

"నోరు పెద్దదేనమ్మా," అనింది మా ఓనరమ్మ. "కానీ నాకు మోకాళ్ల నొప్పులని, ఎండాకాలం ట్యాంకర్ వచ్చినప్పుడల్లా నా బిందెలు నింపినాకే తనవి నింపుకునింది. కళ్లు మూసుకొని ఇల్లు ఇయ్యి."

ఇంటామె ఒక్క నెల అడ్వాన్సు చాలనింది.

మీ ఓనర్లు మీ వెనక ఏమంటారో ఎప్పుడన్నా విన్నారా? నేను ముందే విని ఉంటే, ఇల్లు వెతికేదాన్నే కాదు.