అమ్మ కట్టుకోని ఏప్రాన్లు

అమ్మ కొంగుకు నిప్పంటుకున్న రోజు నేను తొమ్మిదో తరగతి పరీక్ష రాస్తున్నాను. సంగారెడ్డిలో మా ఇంటికి నాలుగడుగుల దూరంలో బడిపిల్లల హాస్టల్ ఉండేది. అమ్మ అక్కడ వంట చేసేది. అన్నం గుండిగ దించబోయి వంగితే కొంగు జారి పొయ్యిలో పడింది. తోటి వంటామె తడి గోనెసంచితో కొట్టి ఆర్పింది కాబట్టి బతికిపోయింది. మోచేతి దగ్గర అరచేయంత మచ్చ మాత్రం మిగిలింది.

ఆ సెలవుల్లోనే చర్చి ఆవరణలో కుట్టుపని నేర్చుకోవడానికి చేరాను. ఎప్పుడో వెళ్లిపోయిన మిషనరీ దొరసాని వదిలేసిన కాగితం నమూనాలు అక్కడ ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. అందులో వంట చేసేటప్పుడు బట్టల మీద కట్టుకునే ఏప్రాన్ నమూనా ఒకటి కనిపించింది. అమ్మకు కావలసింది ఇదే అనుకున్నాను. నీలి గళ్ల గుడ్డ, ఎర్ర అంచు, ముందు ఒక జేబు. మిషను మీద నా వంతు వచ్చేదాకా కాచుక్కూర్చుని వారం రోజులు కుట్టాను.

"అబ్బ, ఎంత మంచిగ కుట్టినవ్ బిడ్డా!" అని అమ్మ మురిసిపోయింది. ఆదివారం కోతపండుగకు దాన్ని చక్కగా మడిచి, చర్చిలో గుమ్మడికాయల పక్కన కానుకగా పెట్టేసింది.

"అదేందమ్మా, నీకోసం కుట్టిన!"

"మొదటి కాపు దేవునిది. నువ్వు కుట్టిన మొదటిది గూడ గంతే గద."

దేవుడికి ఏప్రాన్ ఎందుకని అడిగితే వీపు పగిలేది కాబట్టి నోరు మూసుకున్నాను. నెల తర్వాత పాస్టరమ్మ ఇంటికి వెళ్తే అది వాళ్ల రేడియో మీద కప్పి ఉంది. జేబులో పాస్టరుగారి కళ్లజోడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

మరుసటి ఏడు ఇంకొకటి కుట్టాను. అది హాస్టల్ వార్డెన్ కూతురి పెళ్లికి వెళ్లింది. "ఒట్టి చేతులతోటి ఎట్ల పోవాలె?" అంది అమ్మ. మూడోది రుద్రారం నుంచి వచ్చిన చిన్నమ్మ జొన్నల సంచితో పాటు వెళ్లిపోయింది. ఊరందరికీ నేను ఏప్రాన్లు కుడుతున్నాను, మా అమ్మ మాత్రం అదే కొంగుతో అదే పొయ్యి ముందు కూర్చుంటోంది. చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది.

నాన్న అప్పటికి పటాన్‌చెరు వైపు కొత్తగా లేచిన ఒక ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ సామాను చుట్టి వచ్చే ముతక గుడ్డ ఒకటి తెచ్చాడు. దాని మీద నల్లటి అక్షరాలు ఎంత ఉతికినా పోలేదు. నాలుగో ఏప్రాన్ కావాలనే దానితో కుట్టాను. అంచు లేదు, జేబు లేదు. ఈ దరిద్రాన్ని ఎవరికి కానుకగా ఇస్తుందో చూద్దామనుకున్నాను.

నిజంగానే ఎవరికీ ఇవ్వలేదు. గెలిచాననుకున్నాను. రెండు వారాల తర్వాత కుట్టుపని నుంచి వస్తూ ఇంటి తాళంచెవి కోసం హాస్టల్ వంటింట్లోకి వెళ్లాను. అమ్మ నా ఏప్రాన్‌తో గుండిగ అంచులు పట్టుకుని గంజి వారుస్తోంది. మసిగుడ్డ చేసింది!

"నాలుగేండ్ల సంది కుడుతున్న! ఒక్కదినమన్న కట్టుకున్నవా? మల్ల కాలితె గప్పుడు తెలుస్తది నీకు!" అని అందరి ముందూ అరిచాను. ఏడుపు కూడా వచ్చేసింది.

అమ్మ గుండిగ పక్కన పెట్టి, ఆ మసిగుడ్డనే దులిపి నడుముకు బిగించి కట్టుకుంది. "ఇగ సూడు" అని పొయ్యి మీదికి వంగింది. కొంగు భుజం మీంచి జారి ముందుకు వేలాడింది.

"దీన్ని ఏడ దోపాలె బిడ్డా?"

చేయి కాలినప్పటి నుంచి రోజూ ఆమె కొంగును చుట్టూ తిప్పి నడుము దగ్గర దోపుకుంటుంది. సరిగ్గా ఆ చోటునే నా ఏప్రాన్ మూసేసింది. దొరసాని నమూనా గౌనుకు గీసింది. గౌనుకు కొంగెక్కడిది?

"మరి చెప్పొద్దా?"

"ఏం జెప్పాలె? గంత ముచ్చటగ కుట్టి తెస్తుంటివి. ఎవరికన్న అక్కరొస్తదని ఇచ్చిన."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నాలుగేళ్లు ఆమె మీద అరిచాను. ఆమె ఎలా వండుతుందో ఒక్కపూట నిలబడి చూడలేదు. సంచిలోంచి టేపు తీసి అమ్మ నడుము చుట్టూ పెట్టాను. ఆమె ఒంటికి కొలత తీయడం అదే మొదటిసారి. కొంగు దోపుకునే చోట ఏప్రాన్ మీద సుద్దతో గీత గీశాను.

"జల్దీ కానియ్," అంది అమ్మ, మచ్చ ఉన్న చేయి పైకెత్తి నిలబడి. "పప్పు అడుగంటుతది."