సీమోను కొట్టంలో పడిన ఎలుక

“పాపకు జ్వరమని ఎవరికీ చెప్పకండి. తెలిస్తే మనల్ని ఊరి బయట గుడిసెలకు పంపిస్తారు.”

నా భార్య ఆ మాట అంటూనే కిటికీ మూసేసింది. మా వీధిలో మళ్ళీ ఎలుకలు రాలుతున్నాయి. చచ్చిన ఎలుకను వదిలిన ప్లేగు పురుగు మనిషిని పడుతుందని కాలేజీలో చదువుకున్నవాణ్ణి. పాప చంకలో గడ్డ ఉందేమోనని పొద్దుటి నుంచి తడిమి చూస్తూనే ఉన్నాను. లేదు. ఇప్పటికైతే లేదు.

ఇలాంటప్పుడు నాకు టాంగా సీమోను గుర్తుకొస్తాడు.

చదువుకునే రోజుల్లో షాలిబండ వెనక గల్లీలో ఆయన ఎదురింట్లో అద్దెకుండేవాణ్ణి. ఆ గల్లీలో క్రైస్తవుల ఇల్లు అదొక్కటే. పొద్దున్నే గుర్రానికి దాణా పెట్టి, దాని మెడ మీద చెయ్యి వేసి ప్రార్థన చేసుకునేవాడు. బేరం దగ్గర కూడా అబద్ధం ఆడడని అందరూ నవ్వేవారు. గుర్రం అలిసి ఉంటే, “ఇయ్యాల ఇది ఉరకది, వేరే బండి చూసుకోండ్రి” అని సవారీని తానే పంపించేసేవాడు.

ఒక చలికాలం ప్లేగు లేచింది. ఎలుక పడిందని తెలిస్తే ఊరి శుభ్రత చూసే బల్దియావాళ్ళు గల్లీ మొత్తం ఖాళీ చేయించేవారు. అందుకని మా గల్లీవాళ్ళు చచ్చిన ఎలుకను పట్టుకారుతో పట్టి గోడ అవతలికి విసిరేవారు. అవతలివాళ్ళు ఆ అవతలికి. రోగం అట్లా గోడలు దాటుతూ పోయేది.

ఒక పొద్దున సీమోను కొట్టంలో చచ్చిన ఎలుక కనిపించింది. దాని తోకకు జరీ పోగు చుట్టుకుని ఉంది. ఆ గల్లీలో జరీ పని చేసేది పక్కింటి గులాం రసూల్ ఒక్కడే. శుక్రవారం ఆయన కూతురు అమీనా నికా. వంటల కోసం పొయ్యిలు కూడా తవ్వేశారు.

ఎవరూ పిలవకముందే గులాం రసూల్ వచ్చాడు.

“సీమోను భాయ్, జుమ్మా దాక చుప్ ఉండు. దాన్ని అవతల పారెయ్. అందరు చేసేదే గదా.”

“అవతల పిల్లలు లేరా, భాయ్?”

“మస్తు పాదిరీవైనవ్! టాంగా తోలెటోనివి, టాంగా తోలుకో!”

ఆయన వెళ్ళాక సీమోను భార్య ఆగమ్మ గొంతు తగ్గించింది. “చెప్తే చెప్పు. ఆ పోగు ఎవరింటిదో గూడ చెప్పు. తప్పు వాళ్లది, లొల్లి మనకా?”

“పోగు దాని మీదనే ఉన్నది, నేను తియ్య. ఇసిరినోన్ని చూడలే. చూడంది చెప్తే దేవుని ముందట ఏ మొఖంతోని నిలవడాలె?”

తానే వెళ్ళి బల్దియా దారోగాను తీసుకొచ్చాడు. ఎలుక ఎవరింటి నుంచి వచ్చిందని దారోగా గద్దించి అడిగాడు.

“నా కొట్టంల పడ్డది. ఎవరు ఏసిన్రో చూడలే.”

సాయంత్రానికి గల్లీ ఖాళీ అయింది. నికా ఆగిపోయింది. ఎవరో టాంగా చక్రం విరగ్గొట్టారు. సీమోను తన చిన్నబిడ్డ కళావతిని గుర్రం మీద కూర్చోబెట్టి, కళ్ళెం పట్టుకుని నడిచాడు. వాళ్ళ పక్కన ఎవరూ నడవలేదు.

గుడిసెల్లో మొదట జ్వరం వచ్చింది కళావతికే.

“నిజం చెప్పినందుకు వాని దేవుడిచ్చిన ఇనాం” అని ఎవరో అంటే కొందరు నవ్వారు కూడా. పిల్ల బతకలేదు.

సమాధి దగ్గర గులాం రసూల్ దూరంగా చాలాసేపు నిలబడ్డాడు. చివరికి దగ్గరికొచ్చి, “ఇసిరింది నేనే” అన్నాడు. సీమోను వంగి, గుప్పెడు మన్ను తీసి ఆయన చేతిలో పెట్టాడు.

“ఎయ్యి, భాయ్.”

మా పాప పుట్టినప్పుడు సీమోను చూడటానికి వచ్చాడు. ఆ రోజు అలా చెప్పకపోతే బాగుండేదని ఎప్పుడూ అనిపించలేదా అని అడిగాను. పాప అరికాలు నిమురుతూ, “యాది చేసుకొని ఏడ్వని దినం లేదు. గని మళ్ల పడితే మళ్ల చెప్త” అన్నాడు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి ఇంకొక మాట చెప్పాడు.

నాకు ప్రార్థన అలవాటు లేదు. ఆ మాటలో మొదటి సగమే నా చేతిలో ఉంది. కిటికీ మళ్ళీ తెరిచి, పక్కింటి తలుపు తట్టడానికి చెప్పులు వేసుకున్నాను.

“జరమొస్తే ముందుగాల పక్కింటోనికి చెప్పు, బిడ్డా. ఎనక ప్రార్థన చేసుకో. దాచిపెట్టి మొక్కుదామంటె నాకైతే నోరు రాదు.”