నాలుగో పాదం

నాన్న పాడిన పద్యంలో నాలుగో పాదం నాకు గుర్తులేదు. మొదటి మూడు పాదాలూ ఒక్క మాటా పోకుండా చెప్పగలను. నాలుగోది ఎలా ఉండాలో కూడా చెప్పగలను. ఉత్పలమాల కనుక ఇరవై అక్షరాలు, ప్రాసస్థానంలో రకారం, పదో అక్షరం దగ్గర యతి. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతకడం నా ఉద్యోగం. ఖాళీ ఎక్కడుందో, దాని కొలత ఎంతో కచ్చితంగా తెలిసినా, అందులో ఏముండేదో తెలియకపోవచ్చునని ఆ పద్యం దగ్గరే నాకు అర్థమైంది.

నాన్న పామర్రులో గుమాస్తా. నాటకం ఉన్న రోజున ఓడిపోయిన రాజు. నాటకం రాసినది మా తెలుగు మాస్టారు. అది అచ్చు కాలేదు, ఇప్పుడు ఆయనా లేరు, నాన్నా లేరు. గెలిచిన రాజుకు కత్తి అప్పగిస్తూ నాన్న ఆ పద్యం ముగించగానే జనం "వన్స్ మోర్" అనేవారు. గెలిచిన రాజు మారుమాట లేకుండా కత్తి తిరిగి ఇచ్చేవాడు. హార్మోనియం మళ్ళీ శ్రుతి పట్టేది, నాన్న మళ్ళీ ఓడిపోయేవారు. "ఇవాళ కత్తి ఇంటికి పట్టుకుపోయేట్టున్నాడు మీ నాన్న" అని పక్కన కూర్చున్న పిన్ని నన్ను పొడిచేది.

ఈ వసంతంలో, మేము వలస వచ్చిన ఈ దేశంలో మెయ్‌నూత్ యూనివర్సిటీలో స్పానిష్ చదువుతున్న మా అమ్మాయి, తమ విభాగం వేయబోతున్న నాటకం గురించి చెప్పింది. స్పెయిన్ రాజూ రాణీ గ్రనడా నగరాన్ని జయించిన కథ. తనది నగరం తాళంచెవి అప్పగించే చివరి సుల్తాను వేషం. నేను పొయ్యి కట్టేసి కూర్చున్నాను.

"మరి యుద్ధం ఎలా చూపిస్తారే?"

"చూపించరు అమ్మా. ఇట్స్ ఆల్ ఆఫ్‌స్టేజ్."

నాలుగు వందల ఏళ్ళ కిందటి స్పానిష్ రంగస్థలం పద్ధతి అదేనట. తెర వెనుక డప్పులు, కేకలు వినిపిస్తాయి. ఒకడు కోటగోడ ఎక్కి తనకు కనిపిస్తున్నది మనకు చెబుతాడు, లేకపోతే వార్తాహరుడు వచ్చి యుద్ధాన్ని పద్యాల్లో వర్ణిస్తాడు. మన కళ్ళెదుట జరిగేది అప్పగింత ఒక్కటే.

"గెలిచినవాళ్ళు రాసుకున్న నాటకం కదా, ఓడినవాడికి అంత మంచి పద్యాలెందుకు ఇచ్చారు?"

"బీటింగ్ యాన్ ఈజిట్ ప్రూవ్స్ నథింగ్, అమ్మా."

వెర్రివాణ్ణి ఓడిస్తే గొప్పేముందని దాని భావం. కొన్ని నాటకాల్లో ఓడినవాడి చేత చివరికి మతం కూడా మార్పిస్తారని, ఆ భాగం తనకు మింగుడుపడదని చెప్పింది. వంటింట్లో, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే అలమర తలుపుకు ఆనుకుని సంభాషణ వల్లె వేస్తుంటే, చివర గొంతు ఎలా దించాలో నేను రాగం తీసి చూపించబోయాను. "ప్లీజ్, ఇది కచేరీ కాదు" అంది. ఓడిన రాజు, ఒక అప్పగింత, నాకు ఆ మాత్రం చాలు. కత్తికి బదులు తాళంచెవి. అంతకు మించి తేడా లేదు. ఆ మాటలు వింటూ ఉంటే నాలుగో పాదం దానంతటదే వస్తుందేమోనన్న ఆశతోనే నేను నాటకానికి వెళ్ళాను.

సుల్తాను మాటలు నాకు అర్థం కాలేదు. పాదానికి ఎనిమిది అక్షరాలున్నట్టు మాత్రం తెలిసింది. పాదం విడిచి పాదం చివర అవే అచ్చులు తిరిగి వచ్చాయి. మనం పాదం మొదట ప్రాస పెడితే వాళ్ళు చివర పెట్టుకున్నారు. చివరికి వచ్చేసరికి తను గొంతు దించింది. నాలుగో పాదం మొదటి మాట నా నాలుక దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అట్టతో చేసిన ఆ తాళంచెవి మీద రాణి చెయ్యి మూసుకుంది, మాట జారిపోయింది.

"వన్స్ మోర్" అన్నాను.

గట్టిగా అనలేదు. అయినా హాలంతా వినిపించింది. ముందు వరుస వెనక్కి తిరిగింది. పక్కన కూర్చున్న పెద్దాయన "ఫెయిర్ ప్లే టు యూ" అని మెచ్చుకోలుగా గొణిగాడు. మా అమ్మాయి నా వైపు చూడలేదు. చిన్నప్పటినుంచీ తాతయ్య కత్తి కథ విన్న పిల్ల, అరచెయ్యి పైకి పెట్టి రాణి ముందు చాచింది. రాణి వేషం వేసిన అమ్మాయి ఒక క్షణం తడబడి, తాళంచెవి ఆ చేతిలో పెట్టింది. జనం నవ్వారు. తర్వాత ఎవరూ కదలలేదు. సుల్తాను ఈసారి ఇంకా నెమ్మదిగా నగరాన్ని వదులుకున్నాడు.

మాట మాత్రం రాలేదు.

మేముండే నేవన్‌కు తిరిగి వస్తూ కారు నేనే నడుపుతున్నాను. ఇంకా వెలుతురు ఉంది.

"ఐ వాజ్ మార్టిఫైడ్, అమ్మా. మా లెక్చరర్ కూడా నవ్వింది."

"నవ్వనీ. అది మన హాలైతే నీ చేత మూడోసారి కూడా చెప్పించేవాళ్ళు."

తను నా వైపు తిరిగి, ఈసారి ఇంగ్లీషు కలపకుండా అడిగింది: "వచ్చిందా?"

"రాలేదు."

"ఉన్నవి పాడు."

మూడు పాదాలు పాడాను. నాలుగో దాని దగ్గర ఆగాను.

"జస్ట్ హమ్ ఇట్."

మాటలు లేకుండా రాగంలోనే సాగించాను. రెండో అక్షరం పడవలసిన చోటూ, యతి రావలసిన చోటూ నాన్న ఒత్తినట్టే స్వరం ఒత్తాను. పాదం ముగిసేసరికి ట్రిమ్ ఊరు దాటాం. ఆ తర్వాత, రోడ్డు మీద చూపు ఉంచిన నా పక్కన, తను అరచెయ్యి పైకి పెట్టి చాచింది.

నేను మళ్ళీ మొదటి పాదం అందుకున్నాను.